బండి బరువు తీసేసి

ఒరే పండూ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. ఎప్పుడూ మాట వరసకు రాసే ముక్కే కదా అని దాటెయ్యకు. మీ అక్క పోయాక ఈ ముక్క మనసారా రాయడం ఇదే మొదలు.

నీ ఉత్తరం అందింది. మీ ఓడ వంటగదిలోకి కొత్త గిన్నెలు వచ్చాయని రాశావు, సంతోషం. మీ నాన్న ఆ సంగతి వీధిలో అందరికీ చదివి వినిపించారు, ఓడ నువ్వే కొన్నట్టు.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్ల దగ్గర ఇంకా మూలుగుతూనే ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళావా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావే, వెళ్ళానురా. తాపీగా చదువు, చెబుతాను.

మా లాండ్రీకే వైద్యం వచ్చింది. ఒక షిఫ్టు దిగేవాళ్ళూ ఇంకో షిఫ్టు ఎక్కేవాళ్ళూ కలిసే వేళకి, దుప్పట్లు మడతపెట్టే గది పక్కన ఒక డాక్టరమ్మా, ఒక నర్సమ్మా కూర్చుంటున్నారు. చేతుల్లేని వెడల్పు కుర్చీలు వేశారు. తూకం మిషను తెర వెనక పెట్టారు, అది ఎంత మనిషినైనా మోస్తుంది. ఇస్త్రీ అత్త నోరు నీకు తెలుసుగా. కుర్చీలో కూర్చుని, "బుద్ధెరిగాక ఇరుక్కోకుండా కూర్చోవడం ఇదే వదినా, ఇక లేవను పో" అంది.

నా వంతు వచ్చింది. "బరువు చూడనా అమ్మా? ఇవాళ వద్దనిపిస్తే ఇంకోసారి చూద్దాం" అంది నర్సమ్మ. అలా అడిగేవాళ్ళు ఉంటారని నాకు తెలియదురా. ఎక్కాను. ఆవిడ అంకె రాసుకోబోతుంటే అలవాటుకొద్దీ, "బండి బరువు తీసేసి రాయండి" అనేశాను. మా పనిలో అంతే కదా, బట్టల్ని బండితో సహా తూచి, ఖాళీ బండి బరువు తీసేస్తాం.

"బండేదమ్మా ఇక్కడ?" అంది నర్సమ్మ.

తెర బయట నుంచి ఇస్త్రీ అత్త అందుకుంది. "ఆ ఒళ్ళేనండీ బండి. మా వదిన లోపలెక్కడో ఉంది, కాస్త వెతికి తూచండి."

గది గదంతా నవ్వులే. నేనూ నవ్వాను పండూ. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాను. ఇంటికొచ్చి మీ నాన్నకి చెబితే ఆయన నవ్వలేదు. "నువ్వు నవ్వావా?" అని నా మొహమే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరమ్మ నన్ను కసురుకోలేదు. ఏ వేళకి తింటారని అడిగింది. పనిలో ఉండగా తినడానికి వదలరు, ఇంటికొచ్చి ఆకలి మీద ఎంత లాగిస్తామో మాకే తెలియదు అన్నాను. "పాపం మీ నోరేం చేస్తుందమ్మా, పనే వేళ తప్పిస్తోంది" అని, సూపర్‌వైజరుతో మాట్లాడి మధ్యలో తినడానికి సెలవిప్పించింది. షుగరు ఉందట, మాత్ర రాసింది. పార్కులో నడవమనలేదు, మనకి పార్కెక్కడిది. షిఫ్టు దిగాక ఇస్త్రీ అత్తా నేనూ మేడ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య తిరుగుతున్నాం. నడక కంటే కబుర్లే ఎక్కువ.

ఇక నీకు చెప్పకుండా దాచిన సంగతి. ఇదంతా దానంతటది రాలేదు. అంతకుముందు ఆ నర్సమ్మ ఒకసారి వచ్చి, మీరెందుకు ఆస్పత్రికి రారని అడిగింది. అందరూ తీరిక లేదన్నారు. నేను లేచి అక్క సంగతి చెప్పాను. ఆయాసమని వెళితే, మిషను చాలదని సామాన్లు తూచే కాటా దగ్గరికి పంపడం, మూటలు మోసేవాళ్ళంతా చూస్తుండగా ఎక్కించడం, డాక్టరు తలెత్తకుండానే "ముందు బరువు తగ్గి రా" అనడం, ఆ తర్వాత అది ఆయాసాన్ని మన దగ్గర కూడా దాచుకోవడం, అన్నీ చెప్పాను. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలని మనం ముగ్గురం అనుకున్నాం. నేనే గడప దాటించాను. నీకు కోపం వస్తే రానీ. నేను చెప్పాక ఒక్కొక్కరే తమకు జరిగినవి బయటపెట్టారు. ఆ కుర్చీలూ ఆ తెరా అప్పుడు వచ్చాయి.

నీ ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాసింది కూడా చూశాను. పక్కవాళ్ళు పీపా అంటున్నారని రాత్రి తిండి మానేశావట, కళ్ళు తిరుగుతున్నా ఓడ డాక్టరుకి చెప్పలేదట. అక్క కూడా ఇలాగే దాచిందిరా. మా డాక్టరమ్మని అడిగాను, పస్తులు వైద్యం కాదంది. నువ్వు ఆ ఓడ డాక్టరు దగ్గరికి వెళ్ళు. తలొంచుకుని వెళ్ళకు. తగ్గి రా అంటే, "తగ్గే దారి అడగడానికే వచ్చాను, ముందు కళ్ళెందుకు తిరుగుతున్నాయో చూడండి" అను. ఏమన్నాడో నాకు రాయి.

అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది నిలబడి తినకు నాన్నా. నీ పళ్ళెం ముందే పక్కన పెట్టుకుని, వేళకి కూర్చుని, కడుపునిండా తిను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ