నాయనమ్మ దవడపన్ను

పళ్ల డాక్టరమ్మా,

ఇప్పుడు మీ కాలేజీలో పరీక్ష రాస్తే చాలదట, పళ్లు పీకి చూపిస్తేనే పాసట! నా పుచ్చుపళ్లు రెండూ నీకే ఇచ్చుకున్నా. నవ్వితే వీధి పిల్లలు జడుసుకుంటున్నారు. మొన్న నీ స్నేహితురాలొచ్చి, "తాతగారూ, ఇంకేమైనా కదులుతున్నాయా?" అని ఆశగా అడిగింది. గబుక్కున నోరు మూసుకున్నా.

నీకింకా ఒక్క పన్ను తక్కువైందట. అంతలోనే నాయనమ్మ దవడపన్ను పాడైపోయిందన్నావు. నిన్న దాంతోనే బాదంపప్పులు పటపటా కొరికింది తల్లీ. నొప్పి లేదుగా అంటే, "మనవరాలు చెప్పాక మధ్యలో నీ సొదేంటి?" అని కసిరింది.

ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నా. ఆవిడకి చదవడం రాదు. మత్తుసూది వెయ్యకముందే నువ్వు చదువు. నిజంగా పుచ్చితే పీకెయ్. పుచ్చకపోయినా ఆవిడ నోరు తెరుచుకునే కూర్చుంటుంది. అడ్డుచెప్పేవాళ్లు ఆ గదిలో ఎవరూ ఉండరు.

తాతయ్య