కాళ్ళకు నీళ్ళు

ఏప్రిల్ 6, ఆదివారం

పెద్దాయన ఈ రోజూ సాయంత్రం ఐదింటికల్లా టోపీ, బూట్లు వేసుకుని తయారు. ఇంట్లోనే నిలబడి, లోపలి నుంచే వీధి తలుపు తడతాడు. తట్టి ఆగుతాడు. గుండీలు సర్దుకుంటాడు. మళ్ళీ తడతాడు. ఎక్కడికి పోవాలి బాబా అని అడిగితే, పక్కకు జరుగు సిస్టర్ అన్నాడు. మేముండేది ఇక్కడ గల్ఫ్‌లో, లుసైల్ అనే ఊళ్ళో ఇరవయ్యో అంతస్తు. తలుపు తీస్తే కారిడార్, లిఫ్టు. కేర్‌టేకర్‌ని నేనే కాబట్టి, ఆయన ఎటైనా పోతే ఎగిరేది నా తలకాయే.

అందుకని ఒక తెలివైన పని చేశాను. బూట్లు దాచేశాను. మా ఆర్మూర్ వైపు చెప్పులు కనపడకపోతే ఎవరూ గడప దాటరు. పెద్దాయన ఇల్లంతా వెతికాడు. సోఫాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సూప్ కూడా ముట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఏప్రిల్ 7

బూట్లు ఇచ్చేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

నా కొడుకు భరణి ఫోన్ చేశాడు. ఆర్మీ ట్రైనింగ్ అయిపోయింది. మే చివర్లో లీవ్, లీవ్ అయ్యాక బార్డర్. ఇంటికి ఎప్పుడొస్తావు బిడ్డా అన్నాను. నువ్వు లేని ఇంటికి నేనెందుకు రావాలె, తాళం మొకం చూడనీకా అన్నాడు. పెద్దమ్మ ఇంట్లో ఉండరా అంటే, పెద్దమ్మ ఇల్లు పెద్దమ్మదే అన్నాడు. తలుపు తీసేటోళ్ళు లేనప్పుడు బ్యారక్‌లనే ఉంట తియ్యి అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు.

వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాదే వాణ్ణి పెద్దక్క దగ్గర వదిలి ఇటు వచ్చాను. అప్పుడు ఆరో క్లాసు. వాడికి మీసాలు రావడం నేను వీడియో కాల్‌లో చూశాను. వాణ్ణి యూనిఫాంలో కళ్ళారా చూడాలని ఉంది. తలుపు నేనే తీయాలని ఉంది. వచ్చినవా బిడ్డా అనాలని ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

క్లారా మేడమ్‌ను లీవ్ అడిగాను. పెద్దాయన కూతురు. ఇక్కడే ఆఫీసులో పని, అందుకే తండ్రిని తెచ్చుకుని పెట్టుకుంది. మంచి మనిషే, కానీ కుదరదంది. నాన్న నీ చేత్తో తప్ప తినడు, పోయినసారి ఏజెన్సీ పంపిన అమ్మాయి దగ్గర పస్తులున్నాడు, నేనేం చేయను సునందా అంది. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

హాల్లో ఒక పాత ఫోటో ఉంది. యూనిఫాంలో సన్నటి కుర్రాడు. ఈ రోజు మేడమ్ కాఫీ తాగుతూ దాని కథ చెప్పింది.

పెద్దాయన పేరు వెర్నర్. పుట్టింది జర్మనీలో, ఒక పల్లెలో. తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ చేతిలో పోయాడు. ఇంట్లో తిండికి కరువై, తల్లి పదమూడేళ్ళ పిల్లవాణ్ణి అమెరికాలో ఉన్న తన తమ్ముడి దగ్గరకు పంపేసింది. అక్కడ బేకరీలో పిండి పిసికాడు. ఇరవై దాటగానే అమెరికా ఆర్మీలో పడ్డాడు. ఆర్మీ పంపింది ఎక్కడికి? మళ్ళీ జర్మనీకే! మొదటి సెలవు దొరికిన సాయంత్రం, ఇస్త్రీ యూనిఫాంలో సొంత ఊరికి పోయి అమ్మ తలుపు తట్టాడు.

ఆమె కిటికీ తెర తొలగించి చూసింది. మళ్ళీ తెర వేసేసింది.

చీకటి పడేదాకా తట్టి తిరిగి వచ్చేశాడు. మళ్ళీ సెలవు దొరికేలోగా ఆమె చనిపోయింది. నాన్నమ్మను నేను క్షమించలేను అంది మేడమ్.

నాకు మాత్రం ఆ తల్లి మీద కోపం రాలేదు. చిన్నపిల్లవాణ్ణి పంపింది, వచ్చింది సిపాయి. మొగుణ్ణి చంపినవాళ్ళ బట్టలు కనపడ్డాయి, కొడుకు కనపడలేదు. నాకు భయం వేసింది.

అదే రోజు, సాయంత్రం 5

తడుతున్నాడు. పాపం, తప్పు వైపు నుంచి తడుతున్నాడు.

ఏప్రిల్ 20, ఆదివారం

చేయకూడని పని చేశాను. మేడమ్ ఆఫీసులో ఉంది. పెద్దాయన్ని కారిడార్‌లో నిలబెట్టి, నేను లోపలికి వచ్చి తలుపు వేశాను. లిఫ్టు వైపు పోతే నా గతి ఏమిటి?

తట్టాడు. తీశాను.

జర్మన్ నాకు రాదు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు మా ఇళ్ళల్లో ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు, తర్వాతే మాట్లాడతారు. అందుకే ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు చెంబు నింపి పెట్టుకున్నాను. గడప లోపల స్టూలు వేసి కూర్చోబెట్టాను. బూట్లు విప్పి, టబ్బులో కాళ్ళు పెట్టించి, నీళ్ళు పోశాను. వచ్చినవా బిడ్డా అన్నాను. ఎనభై దాటిన మనిషిని బిడ్డా అనడమేమిటి! నోటికి అదే వచ్చింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి జర్మన్‌లో చాలాసేపు మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అంతా విన్నాను. తర్వాత సూప్ తాగి, ఇంకా ఉందా అన్నాడు.

ఏప్రిల్ 21

కింద సెక్యూరిటీలో మన నిజామాబాద్ రహమతుల్లా ఉంటాడు. అక్కా, కెమెరాల కనబడ్డది, చెప్పకుంటే నా నౌకరి పోతది అన్నాడు. చెప్పేశాడు. మేడమ్ గట్టిగా అరిచింది, లిఫ్టు ఎక్కేసి ఉంటే అంది. న్యాయమే కాబట్టి తల వంచుకున్నాను. ఎందుకు చేశావు అంది. నా వంకర ఇంగ్లీషులో, చెంబు చూపించి మరీ చెప్పాను. మేడమ్ ఆ చెంబు తీసుకుని వంటింట్లోకి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

ఐదింటికి ఆయనతో పాటు నేను కారిడార్‌లో నిలబడ్డాను. తలుపు తీసింది మేడమ్. నీళ్ళు సగం పాలరాతి మీద, సగం తన గౌను మీద పోసుకుంది. పెద్దాయన కూతురి మొహం చూసి అమ్మా అన్నాడు. జర్మన్‌లోనే అన్నా, ఆ మాట నాకు అర్థమైంది.

మే 2, శుక్రవారం

ఇప్పుడు రోజూ మేడమే. సూప్ కూడా ఆమె చేత్తోనే తాగుతున్నాడు. నాకు కాస్త కుళ్ళుగా ఉంది, అబద్ధమెందుకు. టికెట్ ఏ తేదీకి పెట్టమంటావు అని అడిగింది మేడమ్.

నేను వస్తున్నానని భరణికి చెప్పాను. చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే వస్తానని కాదు.

మే 24, శనివారం

బ్యాగు సర్దుకున్నాను. ఎక్కడికి సిస్టర్ అన్నాడు పెద్దాయన. నా కొడుకు సిపాయి, ఇంటికి వస్తాడేమో అన్నాను. కిటికీలోంచి చూడకు, నేరుగా తలుపు తియ్ అన్నాడు.

మే 29. మా ఊరు

కిటికీలన్నీ మూసేశాను. గడప దగ్గర చెంబు పెట్టాను. వస్తానని వాడు ఇప్పటికీ చెప్పలేదు.

తడుతున్నారు.