మెడ సాగిన చామంతి

డిసెంబరు 11, గురువారం

గౌరవనీయులైన డ్రాయింగ్ టీచర్ గారికి,

రెండిళ్ళ అవతలి కుట్టుమిషన్ అత్తయ్య మేనకోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఇంత దగ్గర్లో ఉండి ఉత్తరమేమిటని అనుకుంటారేమో. నోటితోనే చెప్పాలని మీ గేటు దాకా వచ్చాను. గడియ మీద చెయ్యి వేసి తిరిగి వచ్చేశాను. నా సంగతి మీకు తెలియనిది కాదు. లైబ్రరీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాళ్ళని మందలించలేక నేనే తల దించుకుంటాను. కాన్వెంటులో సిస్టర్లు ఉత్తరంలో ముందు క్షేమం, తర్వాత వార్తలు, ఆ తర్వాతే అసలు సంగతి రాయమనేవారు. ఈ రోజు ఆ పద్ధతి నాకు దాక్కోవడానికి పనికొస్తోంది.

వార్తలంటే పెద్దగా ఏమీ లేవు. స్కూలు యూనిఫారాల పని పూర్తయింది. సాయంత్రం అత్తయ్య అలవాటు చొప్పున టీ రెండు కప్పుల్లో పోస్తోంది. పోశాక మీరు రావడం మానేశారని గుర్తొచ్చి, మీ కప్పు నాకిస్తోంది. నేను టీ తాగనని తనకి తెలుసు. అయినా తాగుతున్నాను.

ఇక అసలు సంగతి. పూల ప్రదర్శనలో అత్తయ్య చామంతిని చూసి మీరన్న మాట నిజం. దానికి మందు కొట్టారు. కొట్టింది నేను.

ఈ ఏడాది యూనిఫారాలు నెత్తిన పడి, అత్తయ్యకి మేడ ఎక్కే తీరిక లేకపోయింది. కుండీలన్నీ నాకు అప్పగించింది. కింద మిషన్ చప్పుడులో చదువు సాగదని, రోజూ చీకటి పడ్డాక నేనూ మేడ మీదే కూర్చునేదాన్ని. కుండీల పక్కన బల్బు వేలాడదీసుకుని, నిద్ర వచ్చేదాకా చదువుకునేదాన్ని. ప్రదర్శన దగ్గర పడుతున్నా మొగ్గలు పచ్చగా, గట్టిగా, బఠాణీ గింజల్లా అలాగే ఉన్నాయి. ఎందుకో తెలియక లైబ్రరీలో తోటపని పుస్తకం తీసి చూశాను. చామంతికి పొడవైన చీకటి కావాలట. రాత్రి వెలుగు తగిలితే ఇంకా వేసవే అనుకుని పూత వాయిదా వేస్తుందట. అత్తయ్య ఏడాదంతా కాచుకున్న మొక్కని నా బల్బు మోసం చేసింది.

అప్పుడే చెప్పి ఉంటే రెండు తిట్లతో పోయేది. చెప్పలేదు. అదే పుస్తకంలో జిబ్బరెల్లిన్ అనే మందు గురించి ఉంది. మొక్కలో సహజంగా ఉండే హార్మోనేనట, పైనుంచి కొడితే పూత త్వరపడుతుందట. మందుల కొట్టుకి వెళ్ళాను. పొట్లం మీద ద్రాక్షతోటల కొలత ఉంది, పువ్వుల కొలత లేదు. కొట్టులో నలుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అడగడానికి నోరు రాక ద్రాక్ష కొలతే ఖాయం చేసుకున్నాను. ఆ పొడి నీళ్ళలో కరగదు. ముందు కాస్త స్పిరిట్‌లో కరిగించి, నీళ్ళు కలిపి కొట్టాను.

మొగ్గలు విచ్చాయి. కానీ కాడలు కూడా సాగాయి, ఆకులు పాలిపోయాయి. ప్రదర్శన ముందురోజు అత్తయ్య మేడ మీదికి వచ్చింది. తను కట్టే పాత ఊతకర్రలు పొట్టివైపోయాయి. అక్కడే కూర్చుని కొత్తవి చెక్కింది. నేను బాగా పెంచానని మెచ్చుకుంది. ఆ మెప్పు వింటూ నిలబడ్డాను.

మందులు వాడని మొక్కల విభాగంలో పెడుతున్నట్టు తను సంతకం చేసినప్పుడూ పక్కనే ఉన్నాను. మీరు ప్రతి ఏడూ ఆ చామంతి బొమ్మ గీస్తారు. అందుకే న్యాయనిర్ణేతలు చూడనిది మీ కంటికి తెలిసింది. మీరు తనని ఎప్పటిలాగే ముద్దుపేరుతో పిలిచి, నెమ్మదిగా, చెవిలో చెప్పినట్టే అన్నారు:

"సూదీ, దీనికి మెడ సాగిందే. మామూలు విభాగంలోకి మార్చెయ్."

అత్తయ్య మాత్రం హాలంతా వినేలా అంది:

"నీ చేతిలో గడ్డి కూడా బతకదు. అందుకే నా పువ్వు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావు."

మీరు కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు. కుండీ ఎత్తి పట్టుకున్నది నేనే. ఒక్క మాట చెబితే సరిపోయేది. నా ముఖానికి పువ్వు అడ్డం పెట్టుకున్నాను. ఆ పువ్వుకే మొదటి బహుమతి కప్పు ఇచ్చారు.

ఇప్పుడు మీకు అసూయ అని ప్రదర్శన నడిపే సంఘంలో చెప్పుకుంటున్నారు. వచ్చే ఏడాది పోటీ పనులకి మిమ్మల్ని పిలవకూడదని ఆదివారం సమావేశంలో తేలుస్తారట. అది విన్నప్పటి నుంచి మీ ఇంటి ముందు నుంచి వెళ్ళలేక, చుట్టు తిరిగి లైబ్రరీకి వెళ్తున్నాను.

ఆదివారం లేచి నిలబడి అంతా చెబుతాను. గొంతు పెగలకపోతే ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి. ఒక్కటే వేడుకోలు. అత్తయ్యకి ఇదేమీ తెలియదు. నిజమనుకునే సంతకం చేసింది, నిజమనుకునే మిమ్మల్ని అంత మాట అంది. తనని తప్పు పట్టకండి. మీరు మళ్ళీ వచ్చి ఆ టీ తాగితే చాలు. నన్ను పలకరించకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీరు పుస్తకాల పురుగు అని పిలిచే అమ్మాయి

తా.క. ఇది పిల్ల రాత కాదే సుద్దముక్కా, నాది. కవరు అంటించకుండా మిషన్ మీద పెట్టి స్నానానికి పోయింది. నా మిషన్ మీద ఏది పెట్టినా నా చెయ్యి పడకుండా పోతుందా.

బల్బు సంగతి నాకు తెలియదు, ఇందులోనే చదివాను. కర్రల సంగతి దానికి తెలియదు. ఇన్నేళ్ళుగా అదే మొక్కకి అవే కర్రలు కడుతున్నాను. జానెడు పొట్టివైతే నాకు అర్థం కాదా. పక్కనున్న మందు సీసాలో స్పిరిట్ వాసన తగిలాకే కొత్తవి చెక్కాను. ఆ బహుమతి కప్పు ఒక్కసారైనా నా ఇంట్లో ఉండాలనిపించింది. తెలిసే సంతకం పెట్టాను. నువ్వు చెవిలో చెప్పింది నిజమని తెలిసే అంత గట్టిగా అరిచాను.

ఆదివారం పిల్ల లేవక్కర్లేదు. కప్పు నేనే పట్టుకొస్తాను. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా. నువ్వు రా, కానీ వెనక వరసలో కూర్చో. నీ ముఖం ఎదురుగా ఉంటే నాకు మాట రాదు.