నీ పేరున వచ్చిన కవర్లు

నాన్నా,

రేపు నీ సంవత్సరీకం. నీ పేరున వచ్చిన బ్యాంకు కవర్లన్నీ ఈ రోజు పొద్దున విప్పాను.

అమ్మ వాటిని ఇన్నాళ్లూ నీ ఫొటో ముందు పేర్చింది. "ఏడాది వెళ్లనీ తల్లీ. అప్పటిదాకా ఆయన కాగితాల మీద చెయ్యి వెయ్యకు" అంది. నేనూ సరేనన్నాను. నీ ఖాతాలో డబ్బు అయిపోతే ఇంటి లోను కిస్తీలూ ఆగిపోతాయని మా ఇద్దరికీ తట్టలేదు. అడుగున ఉన్న కవర్లు మర్యాదగానే గుర్తు చేశాయి. అన్నిటికన్నా పైదాంట్లో మాత్రం ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమని ఉంది.

తెలిసిన లాయరుకు ఫోన్ చేశాను. "లోను మీద నీ సంతకం లేదుగా, నీ జీతం జోలికి రారు. ఫ్లాట్ మాత్రం తీసుకుంటారు" అన్నాడు. నా భయం జీతం గురించి కాదు నాన్నా. ఈ పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్‌లోని ఈ ఫ్లాట్ తప్ప అమ్మకు వేరే చోటు లేదు. ఆమెకింకా చెప్పలేదు. వంటింట్లో రేపటి గారెలకు మినప్పప్పు ఏరుకుంటోంది.

మధ్యాహ్నం బెల్ మోగింది. బ్యాంకు తరఫున వచ్చానంటూ ఒకతను ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ తీయనివ్వని నీ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటిని చూసి "అంకుల్ ఎట్ హోమ్, ఆహ్?" అని ఇక్కడి ఇంగ్లీషులో నీ గురించి అడిగాడు.

నువ్వు పోయావని తెలిస్తే ఇప్పుడే తాళం వేస్తారేమో అనిపించింది.

"పడుకున్నారు. ఎల్లుండి రండి" అని ఇంగ్లీషులో చెప్పాను.

అతను తలూపి వెళ్లిపోయాడు. లిఫ్టు కిందికి దిగేదాకా ఆగి, చప్పుడు కాకుండా నీ గది తలుపు దగ్గరికి వేశాను.