పెదనాన్న ఆగిన చోట్లు

ఫిబ్రవరి 22, శనివారం

పన్నెండు కీర్తనలూ అయిపోయాయి. పొద్దున పదింటికి కూర్చుంటే మధ్యాహ్నం మూడైంది. ఓడల డాకు పక్కన మా వాట్‌గంజ్ తెలుగు చర్చిలో ఫ్యాన్లన్నీ ఆపించి అందరికీ చెమటలు పట్టించాను. తర్వాత గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది — అసలు మైకే పెట్టలేదు కదా! కీబోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక్క తీగ, అంతే. మిడి అనే ఈ పద్ధతి పట్టుకునేది శబ్దాన్ని కాదు. ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో అది మాత్రమే.

పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఆదివారంలాగా. కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. మీటల మీద పెట్టగానే మాత్రం కుదురుకుంటోంది. ఎన్నాళ్ళు కుదురుకుంటుందో డాక్టరు గట్టిగా చెప్పడం లేదు. ఆయన మానేస్తే ఈ చర్చికి వాయించేవాళ్ళు లేరు... అందుకే ఈ రికార్డింగు.

"ఒలే రూతూ, నాను నేకపోయినా ఇది వాయించేస్తాదేటి?"

"వాయించేస్తాది పెదనాన్నా."

"అయితే ఇంక నాను నిమ్మళంగా ఎనక బల్ల మీద కూకుంటాను" అన్నాడు. పాస్టరుగారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 24, సోమవారం

ఆఫీసు నుంచి రాగానే మొదటి కీర్తన తెరిచాను. స్క్రీను మీద గళ్ళు, గళ్ళలో స్వరాలు చిన్న చిన్న పట్టీలు. పెదనాన్న పట్టీ ఒక్కటైనా గీత మీద లేదు. కొన్ని ముందుకి, కొన్ని వెనక్కి. ఇంకా ఘోరం — ప్రతి చరణంలో ప్రతి లైను చివరా ఇంతేసి ఖాళీ. ఒకచోట రెండు తాళం దెబ్బలంత, ఒకచోట మూడున్నర. పద్ధతీ పాడూ లేదు.

జబ్బు ఇంత ముదిరిందని నాకు తెలియదు. ఏడుపొచ్చింది. నాన్న పోయాక నన్ను పెంచిన చెయ్యి అది. దొ రె మి రాయించి, తప్పు వాయిస్తే స్కేలుతో వేలి మీద తట్టిన చెయ్యి. ఈ తడబాటు చర్చి అంతా వినకూడదు.

అన్నీ ఎంచుకున్నాను. గీతల మీదికి సర్దే మీట ఒక్కటే నొక్కడం. లైన్ల చివరి ఖాళీలు నేనే కోసి దగ్గరికి జరిపాను. 'ఈ మార్పు శాశ్వతం చేయాలా?' అని అడిగింది. అవును.

ఇప్పుడు చూస్తే ఎంత ముచ్చటగా ఉందో.

ఫిబ్రవరి 25, మంగళవారం

పన్నెండూ పూర్తి. అవును, అవును, అవును.

ఫిబ్రవరి 27, గురువారం

సెక్టార్ ఫైవ్‌లో ఆఫీసు ముందు టీ బండి దగ్గర అనిర్బాన్ దాతో (దా అంటే బెంగాలీలో అన్న) మళ్ళీ అదే గొడవ. మా టీమ్‌లోనే కూర్చుంటాడు, గిటారిస్టు, కొత్త సంగీత సాఫ్ట్‌వేర్ భక్తుడు. నాది పాతది, కాలేజీ నాటిది. "నీ స్క్రీను మునిసిపాలిటీ ఫారంలా ఉంటుంది, కిటికీలో కిటికీ" అంటాడు. నీదేమో పిల్లల రంగుల పుస్తకం అన్నాను. నా దాంట్లో ప్రతి స్వరానికీ అంకెల జాబితా ఉంటుంది, టైపు చేస్తే వెంట్రుకవాసి తేడా రాదు. "ఆరే బాబా, అంకెలు టైపు చేసి పాట ఎవరు కడతారు?"

చివరికి ఒక మాట అన్నాడు — కొత్తదాంట్లో గీతలకి సర్దినా, అసలు వాయించింది కింద అలాగే ఉంటుందట. సర్దుబాటు తీసేస్తే మళ్ళీ బయటికొస్తుందట.

"తప్పుల్ని దాచుకోవడం ఎందుకు?" అన్నాను.

టీ బండి దగ్గర అందరూ నా వైపే. గెలిచానన్న సంబరం.

మార్చి 2, ఆదివారం

ఆన్‌లైన్ ఫోరంలోనూ ఇదే యుద్ధం. కొందరికి పాత స్క్రీనే ప్రాణం, కొందరికి కొత్తది. రంగు పట్టీలా, అంకెలా, అచ్చమైన స్వరలిపా — ఒకరి మాట ఒకరికి పడదు. నేనూ ఒక బొమ్మ పెట్టాను. ఎడమపక్క పెదనాన్న వాయించింది, కుడిపక్క నేను సర్దింది, మొదటి కీర్తన రెండు లైన్లు. బోలెడు మెచ్చుకోళ్ళు. ఒక్కడు మాత్రం, ఎవరో పెద్దాయనలా ఉన్నాడు: "ఎడమపక్క ఒక మనిషి ఉన్నాడు. సరిదిద్దే ముందు కాపీ తీసుకున్నావా?"

నేను: "ఆ మనిషికి చెయ్యి బాగాలేదు సార్. అందుకే సరిదిద్దాను." పక్కన ఒక నవ్వు ముఖం కూడా.

మార్చి 8, శనివారం

ల్యాప్‌టాప్ నిండిపోయింది, ఎక్కువ చోటు తినేది పాత సాఫ్ట్‌వేరే. పన్నెండు కీర్తనలూ కొత్తదాంట్లోకి మార్చి, పాత సాఫ్ట్‌వేర్‌ని ఫోల్డర్లతో సహా తీసేశాను. అనిర్బాన్ దా రసగుల్లా తినిపించాడు, సాఫ్ట్‌వేర్ మతం మారినందుకు.

మార్చి 21, శుక్రవారం

పెద్దమ్మ ఫోను. "బొత్తాలెట్టుకోనేకపోతన్నాడే. నిన్న నానే ఎట్టినాను. ఎవులితోటీ సెప్పొద్దన్నాడు." రెండు వారాలుగా కీబోర్డు దగ్గరికే వెళ్ళడం లేదట. పాటలు ఉత్త గొంతులతోనే నడుస్తున్నాయట.

మట్టల ఆదివారం నుంచి నీ రికార్డింగు పెడదామమ్మా అని పాస్టరుగారు మెసేజ్ పెట్టారు. ఎంత సరైన సమయానికి చేశాం అనుకున్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

రాయాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

మొదటి లైను బాగానే ఎత్తుకున్నారు. రెండో లైనుకి ట్రాకు ముందు, జనం వెనక. మూడో లైనుకి ఆడవాళ్ళ వైపు సగం గొంతులు లేవు. అప్పలమ్మ మామ్మ బల్ల పట్టుకుని నిలబడింది, నోరు తెరిచి ఉంది, పాట రావడం లేదు. ఓడల డాకు నుంచి రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ట్రాకు ఎవరికోసం ఆగుతుంది? నేను ఖాళీలన్నీ కోసేశాను కదా. చివరి చరణానికి స్పీకరు ఒక్కటే పాడుతోంది... నేను ల్యాప్‌టాప్ వెనక తల వంచుకుని ఉన్నాను.

అయిపోయాక అప్పలమ్మ మామ్మ పెదనాన్న కూర్చున్న వెనక బల్ల వైపు తిరిగి, "ఏటి సాల్మనూ, ఈయేల మమ్మల్ని అలా తరిమీసినావు? ఊపిరైనా తియ్యనివ్వనేదు!" అంది. కోపం కాదు, ఎగతాళే.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు, వణుకు కనపడకుండా. "నాదే తప్పమ్మా. ఆ దినం నా సెయ్యి నా మాటినుండదు. నాను ఆగనేదు."

ముప్పై ఏళ్ళు ఆ చర్చిలో పాడాను. లైను చివర ఊపిరి తీసుకునే ప్రతిసారీ ఆయన నాకోసం కూడా ఆగాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. న్యూ టౌన్‌కి మారాక ఇంగ్లీషు చర్చిలో ఏడేళ్ళు ట్రాకు వెంట పరిగెత్తి పరిగెత్తి, అదే పాడటం అనుకున్నాను.

ఆయన అందరి ముందూ తప్పు ఒప్పుకుంటుంటే నేను తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాను.  

ఏప్రిల్ 14, సోమవారం

వెతికాను. పాత ఫోల్డరు లేదు. చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ చేశాను. కొత్తదాంట్లో సర్దుబాటు తీసేసి చూశాను — కింద ఉన్నదీ సర్దినదే. సర్దాకే కదా అందులోకి మార్చింది.

అనిర్బాన్ దాకి మొత్తం చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. తనూ ఒకసారి సర్దుబాటు తీసి చూసి, "ఆ రోజు ఆడియో కూడా పట్టి ఉంటే..." అన్నాడు. పట్టలేదు దాదా. ఫ్యాన్లు మాత్రం ఆపించాను.

ఫోరంలో పెట్టిన బొమ్మ ఒక్కటి మిగిలింది. మొదటి కీర్తన, రెండు లైన్లు. గళ్ళు లెక్కపెట్టి ఆ రెండు విరామాలు తిరిగి తేవచ్చు. పన్నెండు కీర్తనల విరామాల్లో రెండంటే రెండు. దాని కింద ఆ పెద్దాయన మాట, దాని కింద నా నవ్వు ముఖం. చెరిపేద్దామని చూశాను. సమయం దాటిపోయిందట, ఇక మార్చనివ్వదు.

ఏప్రిల్ 15, మంగళవారం

పొయిలా బోయిషాఖ్, బెంగాలీల ఉగాది, ఆఫీసు సెలవు. చెప్పేద్దామని వాట్‌గంజ్ వెళ్ళాను. మిఠాయి పొట్లం పట్టుకుని మరీ.

చెప్పలేదు. బదులుగా అడిగాను: "లైను సివర ఎందుకు ఆగేవోడివి పెదనాన్నా?"

"మరేటి, ఆగొద్దేటి?" అని విడ్డూరంగా చూశాడు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పాడు. మూడో లైను దగ్గర ఎక్కువ, అప్పలమ్మకి ఆయాసం. మొదటి లైను దగ్గర కొంచెం, షిఫ్టు నుంచి వచ్చే వాళ్ళు ఆలస్యంగా ఎత్తుకుంటారు. రెండో లైను దగ్గర అన్నిటికంటే ఎక్కువ — అప్పట్లో సగంమందికి చదువు రాదు, పెద్ద అబ్రహాము పక్కన నిలబడి ముందు లైను చదివి చెప్పేవాడు, ఆ చదివేంతసేపూ ఈయన ఆగేవాడు.

"అబ్రహాము తాత నా సిన్నప్పుడే పోనాడు కదా?"

"పోనాడు. అలవాటు పోనేదు." నవ్వాడు. "అయినా అన్నీ అప్పుడు తెలిసేవి. మొన్న మరి ఏటయిపోనాదో. మైండే పని సెయ్యడం మానీసిందేమో."

ల్యాప్‌టాప్‌లో ఆయన కీర్తనే చూపించాను. "ఇదేటే, రిబ్బన్ల కొట్టా? ఇందులో పాటెక్కడుంది?" కొత్తదాంట్లోనూ ఒక మూల ఉన్న అంకెల జాబితా చూపిస్తే ఇంకా అధ్వాన్నం, రేషను చిట్టా అన్నాడు. తన పాత నోటు పుస్తకం తీశాడు. దొ రె మి అక్షరాలు, లైను చివర చిన్న గీత. అన్ని చోట్లా ఒకటే గీత. ఎంతసేపు ఆగాలో అందులోనూ లేదు. మనుషుల్ని చూసి ఆగేవాడు, అంతే. పుస్తకంలో ఎందుకు రాసుకుంటాడు?

తిరిగొచ్చే బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 16, బుధవారం

ఫోను తీసి, పెట్టేశాను. మూడుసార్లు.

ఏప్రిల్ 17, గురువారం

ఇంటి నుంచే పని. పదకొండింటికి బెల్లు. తలుపు తీస్తే పెదనాన్న, ఒక్కడే, రెండు బస్సులు మారి. చొక్కా పైబొత్తం పెట్టలేదు.

మంచినీళ్ళు తాగి, కూర్చోకుండానే: "రేపు గుడ్ ఫ్రైడేకి ఆ రికార్డింగు ఎట్టొద్దు. కొట్టీ. అంతా కొట్టీమ్మా. నా సేతి తప్పులు నాను పోనాక కూడా వాయించడమేటి, సిగ్గుచేటు."

ఇక దాచలేకపోయాను. చెప్పాను. అంతా ఒక్క ఊపిరిలో — నీ చెయ్యి కాదు పెదనాన్నా, నేనే. నువ్వు ఆగిన చోట్లు చూసి జబ్బు అనుకున్నాను. అన్నీ కోసేశాను. ఆదివారం నువ్వు తప్పు ఒప్పుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే నాను ఆగినానా?"

"ఆగావు."

"అన్ని కాడా?"

"అన్ని చోట్లా పెదనాన్నా. ఒక్కటి కూడా వదల్లేదు."

మొహం కడుక్కుని వచ్చినట్టు తేటపడిపోయాడు. తన చెయ్యి తానే ఎత్తి చూసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి. "నాను అనుకున్నాను... మొన్నట్నుంచి నిద్ర నేదే నాకు. సెయ్యి పోతే పోనాది, బుర్ర కూడా పోనాదనుకున్నాను." నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. "సరే, ఇనిపించు."

"ఏటి?"

"అదే, నువ్వు కొయ్యకముందుది. నాను వాయించింది. ఒక్కసారి ఇనిపించు, ఎల్లిపోతాను."

అది ఇక ఎక్కడా లేదని చెప్పాలి కదా అప్పుడు. సగం చెప్పినదాన్ని, మిగతా సగం చెప్పడానికి ఏమైంది? ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది పెదనాన్నా. రేపు ఆరాధనకి ముందు తెచ్చి వినిపిస్తాను."

"రేపే కదా. అందరికీ ఇనిపిద్దారి. అప్పలమ్మకి కూడా."

బస్సు ఎక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఆ వణికే చెయ్యే, ఎవరు చూస్తారో అన్న బెరుకు లేకుండా.

ఇప్పుడు సాయంత్రం నాలుగు. మౌసుతో పట్టీలు లాగుతున్నాను. రెండు విరామాలు ఆయనవి, బొమ్మలోంచి తెచ్చినవి. మిగతావన్నీ నేను ఊహిస్తున్నవి... అప్పలమ్మకి ఇంత, షిఫ్టు మగాళ్ళకి ఇంత, ఎప్పుడో పోయిన అబ్రహాము తాతకి ఇంత. స్వరాల్ని కూడా అక్కడక్కడా గీత మీది నుంచి పక్కకి నెడుతున్నాను, తప్పు వచ్చేలా, ఆయనలా.

వినగానే ఆయన కనిపెట్టేస్తే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను. కనిపెట్టకపోతే? 'అవునే, ఇది నా సెయ్యే' అని అందరి వైపూ చూసి మురిసిపోతే... అప్పుడు నేను ఎక్కడ నిలబడాలి?

మూడు కీర్తనలు అయ్యాయి. ఇంకా తొమ్మిది.