తెల్లకాగితం మీద సంతకం

నోవై, మిషిగన్
9 ఫిబ్రవరి 2025

అనురాధకు,

జోసఫిన్ వందనాలు. దేవుని దయవల్ల నేనూ మా ఆయనా ఇక్కడ కులాసా. మీ ఇంటిల్లిపాదీ అలాగే ఉండాలని కోరుతున్నాను. మర్యాదలు అయ్యాయి కాబట్టి ఇక కోపం మొదలుపెడతాను.

నా పెన్షన్ కాగితాలు వెనక్కి వచ్చాయి. నేను స్వచ్ఛంద పదవీ విరమణ చేయలేదట, రాజీనామా చేశానట. రాజీనామా చేసినవాళ్లకి పాత సర్వీసు లెక్కలోకి రాదట. మన ఆఫీసులో ఇరవై రెండేళ్లు గంగలో కలిశాయి అనూ! ఇక్కడి సిటీ ఆఫీసులో నాకు నిండా రెండేళ్లు లేవు. అవి అక్కడ కలవవు, అక్కడివి ఇక్కడ కలవవు. రెండు ప్రభుత్వాలకి చాకిరీ చేసి, చివరికి మా ఆయన ముందు చెయ్యి చాచాలి.

రెండేళ్ల కిందట నా లీవు అయిపోయినప్పుడు, రూల్సు నీకే బాగా తెలుసని, తెల్లకాగితం మీద సంతకం పెట్టి, స్వచ్ఛంద విరమణ దరఖాస్తు మ్యాటర్ నిన్నే రాసుకోమన్నాను. కవరు మా ఆయనే పోస్ట్ చేశారు. విరమణకి ముందు ఇవ్వాల్సిన నోటీసు మూడు నెలలూ అక్కడికి వచ్చి పనిచేస్తానన్నాను కూడా. అక్కర్లేదు, అంతా నువ్వే చూసుకుంటానన్నావని ఆయన నీతో ఫోన్‌లో మాట్లాడి చెప్పారు. చూసుకున్నావు తల్లీ, బాగా చూసుకున్నావు! నా సీటు ఖాళీ అయితే నీకు ప్రమోషన్ వస్తుందని నాతోనే అనొచ్చుగా? ఆ తర్వాత ఫోన్ చేయడం కూడా మానేశావు. ఇన్నేళ్లు ఒకే బాక్సులో తిన్నవాళ్లం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. ఈ ఉదయం చర్చిలో, ప్రార్థనలో క్షమాపణ మాట వచ్చేచోట ఆ వాక్యం దాటేసి తర్వాతది అందుకున్నాను.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
జోసఫిన్

తా.క. కవరు అంటించబోతుంటే మన ఆఫీసు క్లర్కు శశికాంత్ ఫైల్లోంచి ఆ రాజీనామా కాగితం ఫొటో తీసి పంపాడు. కింద నా సంతకం. పైన రాత మా ఆయనది. నీకు చేరేసరికే ఆ కాగితం నిండి ఉంది. నీతో ఫోన్‌లో మాట్లాడానన్నదీ అబద్ధమే అయ్యుండాలి. రాజీనామా అయితే నోటీసు పనుండదు; ఆ మూడు నెలలు అక్కడుంటే నేను తిరిగి రానని ఆయన భయపడ్డారేమో. చెప్పకుండా రాజీనామా చేశానని నువ్వు అలిగి ఉంటావు, అందుకే ఫోన్ లేదు. ఈ ఉత్తరం చించేయొచ్చు. కానీ నిన్ను ఇన్ని మాటలన్న సంగతి దాచేస్తే ఆయనకీ నాకూ తేడా ఏముంది? ఉన్నదున్నట్టు పంపుతున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఫోన్ చెయ్యి. ఆయన్ని నేనింకా ఏమీ అడగలేదు. అడిగేముందు నీ గొంతు వినాలి.