ఇరవయ్యొకటా, ఇరవయ్యెనిమిదా

ఒసాకా నగరం కరహోరి బజారులో కాఫీ కొట్టు నడుపుకుంటున్న నిషివాకి తొమోయె అనే నేను, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితం మీద మా మరిది కెంజోకి సందేహాలున్నాయి. అవి నా పెళ్లినాటి నుంచీ ఉన్నవే కాబట్టి చట్టం పట్టించుకోనక్కర్లేదు. పొద్దున్నుంచీ నవ్వు ఆగడం లేదు. అక్షరాలు వంకర పోయాయంటే అందుకే.

1. కాఫీ కొట్టు, దాని పై అంతస్తు, అందులోని సామాను యావత్తూ నా తదనంతరం కెంజో కూతురు సచిహోకి సర్వహక్కులతో చెందుతాయి. పిల్లలు లేని నాకు ఆ పిల్లే పిల్ల. షరతు ఒక్కటే: గుడ్డు శాండ్‌విచ్‌లో ఆవాల ముద్ద తగ్గించకూడదు.

2. నా రేంజ్‌ఫైండర్ కెమెరా కూడా సచిహోకే. దానితోపాటు ఒక్క లెన్సు మాత్రమే. రెండోది షిన్‌సాయిబాషిలో ముకాయి గారి పాత కెమెరాల దుకాణానికి తిరిగి వెళ్లాలి. మాట ఇచ్చాం మరి.

పెళ్లయిన కొత్తలో నేనూ మా ఆయన షుంపేయీ ఆ దుకాణానికి ఒక వైడ్ లెన్సు కొనడానికి వెళ్లాం. నా మనసు ఇరవయ్యొకటి మిల్లీమీటర్ల లెన్సు మీద పడింది. వీధి, ఆకాశం, నా చెప్పుల కొసలు, అన్నీ పట్టేస్తుంది. కాకపోతే దానికి కెమెరా పైన ఇంకో చిన్న కిటికీ తగిలించుకుని అందులోంచి చూడాలి. ఆయనకి ఇరవయ్యెనిమిది కావాలి. కాస్త తక్కువ పడుతుంది గానీ కెమెరాకున్న కిటికీతోనే పని జరిగిపోతుంది. "ఇదేమన్నా సుమో పహిల్వానా, నెత్తిన ముడి పెట్టడానికి?" అన్నాడాయన. "వీధిలో సగం వదిలేసి ఫొటో తీయడానికి మీకెంత సరదానో!" అన్నాను నేను. చివరికి పెద్ద ముకాయి గారు చేతులు జోడించాడు. "తల్లీ, రెండూ పట్టుకుపోండి. తీరిగ్గా తేల్చుకుని ఒకటి తెచ్చివ్వండి. నేను తలుపులు వేసుకోవాలి."

తేలలేదు. రెండింటికీ డబ్బు కట్టేశాక కూడా ముకాయి గారు తన అద్దాల బీరువాలో ఆ ఖాళీ చోటు అలాగే ఉంచాడు, "తేల్చుకుంటున్నారు" అని చీటీ పెట్టి. "మీ ఇద్దరిలో ఆఖరికి మిగిలినవాళ్లు ఓడిన లెన్సు తెచ్చిపెట్టాలి, మాట తప్పకూడదు" అన్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు రోజూ ఆ చీటీకి దుమ్ము దులుపుతున్నాడు.

కనుక సచిహోకి ఇరవయ్యొకటి. ముకాయి బీరువాకి ఇరవయ్యెనిమిది. అయిపోయింది. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చచ్చిపోయేదాన్ని.

3. మరిది కెంజోకి నా కాఫీ గింజల మర. "ఎటు చూడాలో తెలియనివాళ్లకే వైడ్ లెన్సు కావాలి వదినా" అని నా కొట్టులో, నా కాఫీ తాగుతూ, నలుగురి ముందు అన్నాడు. నా బుర్ర తినడం మానేసి ఇక ఆ మర తిప్పుకుంటాడని ఆశిస్తున్నాను.

4. నాతోపాటు శవపేటికలో ఏం పెట్టాలన్న విషయం. ఒక లెన్సు నాతో పంపేస్తే గొడవ ఉండదు కదా అని దహనశాలకి ఫోన్ చేశాను. అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "గాజు కాలదు బామ్మగారూ, కరిగి ఎముకలకి అతుక్కుంటుంది. చాప్‌స్టిక్కులతో ఎముకలు ఏరేవాళ్లకి మహా ఇబ్బంది." ఆ ఏరేవాడు కెంజోయే. బూడిదయ్యాక కూడా అతని సణుగుడు వినలేను. అందుచేత కాగితం వస్తువులే పెట్టండి. ఇంతకీ ఏ లెన్సు అని ఆ అబ్బాయి అడిగితే నా నోట ఇరవయ్యెనిమిది అని వచ్చింది. ఎందుకలా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

5. అంత్యక్రియల్లో పెట్టే ఫొటో. తండ్రీ కూతుళ్లు నాకు తెలియకుండా కిమోనోలో ఉన్న ఫొటో ఎంచి పెట్టుకున్నారని తెలిసింది. "ఇందులో ఎంత హుందాగా ఉన్నావో పెద్దమ్మా!" అంది సచిహో. అందులో నేను పన్ను పీకించుకోవడానికి కూర్చున్నదానిలా ఉన్నాను. ఆ ఫొటో నిషిద్ధం. కాఫీ డబ్బాల వెనక గోడకి అంటించిన ఫొటోయే పెట్టాలి.

అది సుమియోషి గుడి వంతెన మీద తీసింది. రెండు లెన్సులూ తెచ్చుకున్న తర్వాతి ఆదివారం, ఇరవయ్యెనిమిది గొప్పతనం నిరూపిస్తానని మా ఆయన నన్ను ఆ నిట్టనిలువు వంతెన మీద ఎక్కించి, దింపి, గొడుగు పట్టించి, గొడుగు మూయించి రీలంతా కొట్టాడు. మా రకం కెమెరాలో కన్ను పెట్టే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సు మూత తీయకపోయినా కిటికీలో లోకం దివ్యంగా కనిపిస్తుంది. రీల్లో ఒక్కటి మిగిలిందనగా నేను చూశాను, మూత! "స్వామీ, పొద్దున్నుంచీ చీకటినే తీశారు!" అని వంతెన మీద చతికిలబడి నవ్వాను. ఆయన మూత పీకి, నవ్వుతూనే నా మీదికి వంగి, చేయి చాపినంత దూరంలో ఆ చివరిది కొట్టాడు. నా ముక్కు వంకాయంత. పళ్లన్నీ బయట. కిమోనో సంగతి దేవుడెరుగు.

నేను ఇరవయ్యొకటితో ఊరినంతా తీశాను. నన్ను తీసింది మాత్రం ఆ లెన్సు. ఆయన పోయాక దాన్ని కెమెరాకి తగిలించడానికి చేతులు రాలేదు. తగిలిస్తే అటువైపు ఆయన ఉండాలి. షుంపేయీ అంటే నాకు పిచ్చి ప్రేమ. బతికుండగా ఇంత సూటిగా చెప్పలేదు. చెబితే లెన్సు విషయంలో లొంగిపోయాననుకునేవాడు.

6. కాబట్టి రెండో అంశంలోని చివరి మాటలు రద్దు. కొట్టివేతలు పెట్టను. ఫిల్ము మీద పడింది చెరుపుకోవడం నాకు అలవాటు లేదు. కెమెరాతో సచిహోకి వెళ్లేది ఇరవయ్యెనిమిది. ఒసేయ్ పిల్లా, దగ్గరికి వెళ్లి తియ్యి, ముక్కులు వంకాయలైతే కానియ్యి. దాని మూత కెంజోకి. అతనికి మూత అవసరం ఎక్కడుందో అందరికీ తెలుసు.

నా ఇరవయ్యొకటి, దాని నెత్తిమీది కిటికీతో సహా, ముకాయి గారి బీరువాలో ఆ ఖాళీ చోట పెట్టాలి. పొట్లాడుకునే జంట ఏదైనా వస్తే వాళ్లకే అమ్మాలి. ముకాయి గారూ, ఇక ఆ చీటీ చించెయ్యండి. తేల్చుకున్నాం.

రెయివా ఏడో సంవత్సరం (2025), మే నెల పద్దెనిమిది, ఆదివారం.

(సంతకం, ముద్ర) నిషివాకి తొమోయె

సాక్షులు:
ఒబాతా మసుయె, టోఫూ దుకాణం
తొకునాగా ఇచిరో, స్నానశాల
(సాక్షి సంతకం తానే పెడతానని కెంజో పట్టుబట్టాడు. వాటా ఉన్నవాడు పనికిరాడని చెప్పి, కాఫీ పోసి పంపాను.)